పనివాళ్ళ మనసుకూ యూనిట్ దిగుబడికీ లంకె ఎంత? (జీడి యూనిట్, పర్లాకిమిడి)

మహేంద్రతనయ (పర్లాకిమిడి) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి దగ్గర మాది జీడి యూనిట్. పిక్క ఉడకబెట్టడం మొదలు డబ్బా ప్యాకింగ్ దాకా అంతా ఒకే చోట. ఆడవాళ్ళు 70 మంది దాకా ఉంటారు. 28 మంది పెంకు కటింగ్ మీద, మిగతావాళ్ళు తొక్క తీయడం, గ్రేడింగ్ మీద. కటింగుకూ తొక్క తీయడానికీ కిలో రేటు, గ్రేడింగుకు రోజుకూలి. తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవాళ్ళు కలిసి పనిచేస్తారు. కొందరు పాతపట్నం వైపు నుంచి రోజూ వచ్చి పోతారు.

తొక్క తీసే షెడ్లు రెండు. గుండు పప్పు (విరగకుండా నిండుగా వచ్చేది) 72 శాతం పడేది, ఈ సీజనులో 66కి దిగింది. మిగతాది బద్ద, ముక్క కింద పోతోంది. సంత మర్నాడు హాజరు బాగా పడిపోతోంది. కొత్తగా చేరినవాళ్ళు నెల తిరక్కుండానే మానేస్తున్నారు.

రజ పండగ (ఒడియావాళ్ళది) అయ్యాక సర్వే ఒకటి చేయించాం. 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. సగటు 4.1 వచ్చింది. అంటే అందరూ తృప్తిగా ఉన్నట్టే. మరి దిగుబడి ఎందుకు పడుతోంది? లెక్కలు చూసే ఆయన "మనసూ గినసూ ఏమీ లేదు, రేటు పెంచితే చేతులు ఆడతాయి" అంటున్నారు. ఒక ట్రైనింగ్ సంస్థ వచ్చి, రెండు రోజులు ప్రేరణ తరగతులు పెడితే అంతా సర్దుకుంటుందంటోంది. ఆ డబ్బు పెట్టాలా వద్దా అన్నది వచ్చే సీజను పిక్క కొనేలోపు తేల్చుకోవాలి.

పనివాళ్ళ వైఖరికీ సంస్థ పనితీరుకీ నిజంగా సంబంధం ఉందని ఎవరైనా నిరూపించారా? ఉంటే దాన్ని ఎలా కొలవాలి? విషయం తెలిసినవాళ్ళు చెప్పగలరు.

రుషికుల్య (బరంపురం) జవాబు:

సంబంధం ఉందండి. కాకపోతే మీరు వెతుకుతున్న చోట తక్కువగానూ, మీరు చూడని చోట ఎక్కువగానూ ఉంది.

"తృప్తిగా ఉన్న పనివాడు ఎక్కువ పని చేస్తాడు" అన్నది వినడానికి బాగుంటుంది. 1955లో బ్రేఫీల్డ్, క్రాకెట్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, ఈ మాటకు ఆధారం చాలా పలచగా ఉందని తేల్చారు. 1985లో ఇయాఫల్డానో, మచిన్‌స్కీ మరిన్ని పరిశోధనలు కలిపి లెక్క కడితే సహసంబంధం (రెండు సంగతులు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె, 0 అయితే ఏమీ లేదు, 1 అయితే పూర్తిగా) సగటున 0.17 వచ్చింది. 2001లో జడ్జ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 312 నమూనాలు, 54 వేల పైచిలుకు మనుషుల లెక్కలు తీసుకుని, కొలతల్లో దొర్లే తప్పులను సరిచేస్తే 0.30 వచ్చింది. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది ఈ 0.30నే.

0.30 అంటే ఏమిటి? దాన్ని దానితోనే గుణిస్తే 0.09. మనిషికీ మనిషికీ పనిలో కనిపించే తేడాలో 9 శాతం దాకా తృప్తితో కలిసి నడుస్తోందని అర్థం. మిగతా 91 శాతం చేతి నేర్పు, యంత్రం, సరుకు, వయసు, ఆరోగ్యం, ఇంకా ఎన్నో. ఆ 2001 పరిశోధనలోనే ఇంకో సంగతి ఉంది. సొంత నిర్ణయాలు ఎక్కువగా ఉండే క్లిష్టమైన ఉద్యోగాల్లో ఈ అంకె 0.52, సాదా పనుల్లో 0.29. తొక్క తీసే పనిలో నేర్పు చాలా ఉంది కానీ నిర్ణయం తక్కువ. ట్రేలో ఏ పప్పు వచ్చిందో అదే తీయాలి. కాబట్టి సర్వే మార్కు చూసి గుండు శాతం ఊహించాలనుకుంటే మొదటి నుంచీ అది ఆశకు మించిన పని.

ఇదంతా ఒక్కో మనిషి లెక్క. సంస్థ మొత్తాన్ని ఒక ముద్దగా చూస్తే బొమ్మ మారుతుంది. 1992లో ఆస్ట్రాఫ్ 298 బడులు, 13 వేలకు పైగా టీచర్లతో చేసిన పరిశోధనలో తృప్తి ఎక్కువున్న బడులు పిల్లల చదువులోనూ హాజరులోనూ, టీచర్లు మానకుండా ఉండటంలోనూ మెరుగ్గా కనిపించాయి. కారణం ఊహించడం కష్టం కాదు. ఒకరి పని ఇంకొకరికి అందే తీరు, కొత్తవాళ్ళకు నేర్పడం, తప్పు కనబడితే చెప్పడం లాంటివి ఏ ఒక్కరి తూకంలోనూ కనపడవు. మొత్తంలోనే తేలతాయి.

ఇక ట్రైనింగ్ సంస్థ వాళ్ళు చెప్పనిది ఒకటుంది. ఏది ముందు, ఏది వెనక? 2003లో ష్నైడర్, సహచరులు 35 కంపెనీలను 8 ఏళ్ళ లెక్కలతో చూశారు. మొత్తమ్మీద తృప్తి, ఉద్యోగ భద్రత విషయాల్లో లాభాల వల్ల పనివాళ్ళు తృప్తిపడటమే ఎక్కువగా కనిపించింది, తృప్తి వల్ల లాభాలు రావడం కన్నా. జీతం పట్ల తృప్తి మాత్రం రెండు వైపులా నడిచింది. బాగా నడిచే యూనిట్లో కూలి వేళకు అందుతుంది, సరుకు ఆగదు, మేస్త్రి అరవడు. అక్కడ మనుషులు సంతోషంగా ఉంటారు. ఆ సంతోషాన్ని మాత్రం విడిగా తెచ్చి, బోర్మా (పప్పును వేడితో ఎండబెట్టే గది) చెడిన షెడ్లో పోస్తే పప్పు గుండుగా రాదు.

అందుకే రెండు రోజుల తరగతులకు డబ్బు పెట్టొద్దనే నా మాట. ముందు మీ మూడు సమస్యలనూ విడదీయండి. గుండు శాతం పడటం ఒకటి. సంత మర్నాటి హాజరు ఇంకొకటి. కొత్తవాళ్ళు మానేయడం మూడోది. వైఖరి పాత్ర చివరి రెండింటిలో గట్టిగా ఉంటుంది. మొదటిదానిలో ఎంతన్నది సరుకు లెక్క తేలాకే చెప్పగలం.

వంశధార (గుణుపురం) జవాబు:

రుషికుల్య గారు చెప్పిన వరుసే సరైనది. గుండు శాతం సంగతి నేను చెప్తాను.

పప్పు విరిగేది నాలుగు చోట్ల. పిక్క సరిగా ఆరకపోయినా, ఆవిరిలో తక్కువ ఉడికినా పెంకు శుభ్రంగా చీలదు, కత్తి పప్పులోకి దిగుతుంది. ఉడికిన పిక్క పూర్తిగా చల్లారకముందే కటింగుకు ఎక్కిస్తే పప్పు మెత్తగా ఉండి నలుగుతుంది. బోర్మాలో ఎక్కువ ఎండితే పెళుసెక్కి వేలు తగిలితే బద్దవుతుంది. తక్కువ ఎండితే తొక్క అంటుకుని ఉంటుంది, కత్తి మొనతో గీకాల్సి వస్తుంది, ఆ గీకుడులో ముక్కవుతుంది. బోర్మా సాధారణంగా 70 డిగ్రీల చుట్టుపక్కల 6 నుంచి 8 గంటలు నడుస్తుంది. పై ట్రేలకూ కింది ట్రేలకూ వేడి ఒకేలా అందదు కాబట్టి మధ్యలో ట్రేలు మార్చాలి. అది మానేసిన రోజు ఒకే లోడులో సగం పెళుసు, సగం పచ్చి. బోర్మా నుంచి తీసిన పప్పును కాసేపు ఊరనిచ్చి, గాలిలోని తేమ కొంచెం తాగనివ్వాలి. వేడివేడిగా షెడ్డుకు పంపితే ఎంత మంచి చేయి అయినా విరుస్తుంది.

సరిగ్గా ఎండిన పప్పును బొటనవేలు, చూపుడు వేలు మధ్య పెట్టి మెల్లగా నలిపితే తొక్క పొరలాగా ఊడి వస్తుంది, కత్తి అక్కర్లేదు. తొక్క తీసే ఆమె కత్తి ఎన్నిసార్లు ఎత్తుతోందో పది నిమిషాలు కూర్చుని చూడండి. తప్పు చేతిలో ఉందా బోర్మాలో ఉందా అన్నది అక్కడే సగం తేలిపోతుంది.

మిగతా సగానికి చిన్న పరీక్ష ఉంది. ఒక బోర్మా లోడు నుంచి 8 కిలోలు తీసి బాగా కలపండి. అందులో ముందే విరిగి ఉన్నవి ఏరి పక్కన పెట్టండి, లేకపోతే కటింగ్ తప్పు తొక్క తీసేవాళ్ళ లెక్కలో పడుతుంది. గుండ్లు మాత్రమే నలుగురికి సమంగా తూచి ఇవ్వండి, ఒక్కో షెడ్డు నుంచి ఇద్దరు. సాయంత్రం ఒక్కొక్కరిదీ గుండు, బద్ద, ముక్క విడివిడిగా తూచండి. వేరే లోడులతో అదే నలుగురితో మరో రెండు రోజులు చేయండి. చేతిలో 12 అంకెలు ఉంటాయి. నలుగురూ ఒకే రోజు పడిపోయి, ఇంకో రోజు అందరూ లేస్తే తప్పు లోడుది. ఒకామె మూడు రోజులూ తక్కువ, ఒకామె మూడు రోజులూ ఎక్కువ అయితే తేడా చేతులది. రెండో షెడ్డు ఇద్దరూ ఎప్పుడూ తక్కువే అయితే ఆ షెడ్లో వెలుతురు, కూర్చునే పీట, మేస్త్రి, కాటా చూడాలి.

తప్పు లోడుదని తేలితే వైఖరి మాట అప్పుడే వస్తుంది, వేరే దారిలో. బోర్మా తప్పుకు తొక్క తీసే ఆమె కూలి కోత పడుతోంది. తన చేతిలో లేని దానికి తన డబ్బు పోతుంటే ఎవరికైనా మనసు విరుగుతుంది. అలా విరిగాక మంచి లోడు ఇచ్చినా జాగ్రత్త పడరు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

చాలా ఉపయోగపడే సంగతులు చెప్పారు, ధన్యవాదాలు. కొన్ని వివరాలు. ఏ ట్రే ఏ బోర్మా లోడుదో చెప్పే లోడు కార్డులు లేవు, ట్రేలన్నీ కలిసిపోతాయి. కాటా సాయంత్రం మేస్త్రి వేసి పుస్తకంలో రాస్తారు. గుండుకూ బద్దకూ రేటు వేరు. కూలి వారానికోసారి ఇస్తాం, సంత రోజు పొద్దున్న. సర్వే మేస్త్రే చేశారు, ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచి ప్రశ్న చదివి మార్కు వేసుకున్నారు. ఇలాంటిచోట, చదువు రానివాళ్ళు సగం మంది ఉండగా, సర్వే ఇంకెలా చేస్తారు?

గోపాలపురం తీరం (బరంపురం) జవాబు:

మీ 4.1ని పక్కన పెట్టేయండి. రోజూ కాటా వేసి కూలి రాసే మనిషే ఎదురుగా కూర్చుని "ఇక్కడ పని మీకు నచ్చిందా" అని అడిగితే 4 కన్నా తక్కువ ఎవరూ చెప్పరు. అది తృప్తి కొలత కాదు, మర్యాద కొలత.

రెండో లోపం ప్రశ్నల్లోనే ఉంటుంది. 1977లో ఐజన్, ఫిష్‌బైన్ చెప్పిన సూత్రం ఈ రంగంలో అందరూ పాటించేది. ఏ పని సంగతి తెలియాలో, వైఖరిని ఆ పని గురించే విడిగా అడిగితే అది ఆ పనిని పట్టిస్తుంది. "పని బాగుందా" అన్న పెద్ద ప్రశ్న, సంత మర్నాడు ఆమె వస్తుందా రాదా అన్న చిన్న సంగతిని చెప్పలేదు. "సంత మర్నాడు పనికి రావడం మీకు సులువా, కష్టమా" అని అడిగితే చెప్తుంది.

చదువు రానిచోట చేసే పద్ధతి ఇది. మూత ఉన్న మట్టి కుండలు మూడు తీసుకోండి, మూతకు చేయి పట్టేంత కంత చాలు. ఒకదాని మీద నవ్వు ముఖం, ఒకదాని మీద మామూలు ముఖం, ఒకదాని మీద ముడుచుకున్న ముఖం గీయించండి. తెర వెనక పెట్టండి. ప్రతి ప్రశ్నకూ ఒక గవ్వో గింజో ఇవ్వండి, ఒక్కొక్కరూ తెర వెనక్కి వెళ్ళి తమకు నచ్చిన కుండలో వేసి వస్తారు. గింజ పడిన చప్పుడు కూడా కుండను బట్టి తేడాగా వినబడుతుంది కాబట్టి అడుగున గుడ్డ పరవండి. ప్రశ్నలు 8కి మించొద్దు. మూడు భాషల్లోనూ ఆ భాష మాట్లాడే మనిషే చదవాలి. ఆ మనిషి యూనిట్‌కు బయటివాళ్ళై ఉండాలి. స్వయం సహాయక సంఘం నుంచి ఒకామె, బడి టీచరు ఎవరైనా సరే. మేస్త్రి, మీరు, లెక్కలాయన ఆ గంటసేపు షెడ్డులో ఉండకూడదు.

ప్రశ్నలు ఇలా ఉంటే పనికొస్తాయి: నిన్న మీ తూకం మీ కళ్ళ ముందే రాశారా? ట్రేలో చెడ్డ పప్పు వస్తే మేస్త్రికి చెప్తే వింటారా? ఎక్కువ చేస్తే రేటు తగ్గిస్తారని భయం ఉందా? మీ పక్కన కొత్తమ్మాయి కూర్చుంటే నేర్పడానికి మీకు తీరిక ఉంటుందా? పిల్లలను ఎక్కడ వదిలి వస్తున్నారు, ఆ చోటు మీకు నమ్మకమా? మీ చెల్లెలిని ఈ పనిలో చేర్పిస్తారా? ఆ చివరిది వదలొద్దు. కొత్తవాళ్ళు ఎక్కువగా పాతవాళ్ళ వెంటే వస్తారు, కాబట్టి ఆ జవాబు రేపటి చేరికలను చెప్తుంది.

లెక్క దగ్గర జాగ్రత్తలు కొన్ని. రెండు షెడ్లకు, కటింగుకు, గ్రేడింగుకు గింజల రంగులు వేరు చేయండి, విభాగం తెలుస్తుంది, మనిషి తెలియదు. ఐదుగురి కన్నా తక్కువ ఉన్న గుంపు లెక్క విడిగా బయట పెట్టొద్దు, ఎవరేమన్నారో పట్టేస్తారు. నాలుగైదు గుంపుల సగటులకూ వాటి గుండు శాతాలకూ సహసంబంధం కట్టే ప్రయత్నం చేయకండి. 6 గుంపులు ఉంటే 0.81 దాటితే గానీ అది కాకతాళీయం కాదని చెప్పలేం. 70 మంది విడివిడి లెక్కలకైతే 0.24 దగ్గరే చాలు, కానీ అందుకు పేర్లు కావాలి, పేర్లు అడిగితే నిజం రాదు. మీకు కావలసింది సహసంబంధం కాదు. ఒకే గుంపులో అదే ప్రశ్నకు ఈసారికీ, మూడు నెలల తర్వాతికీ ముడుచుకున్న ముఖాలు ఎన్ని తగ్గాయన్నది చూడండి, చాలు.

ఇంకొకటి. అసలు బాధపడ్డవాళ్ళు మీ సర్వేలో లేరు, వాళ్ళు మానేసి వెళ్ళిపోయారు. ఈ మధ్య మానేసిన వాళ్ళలో పదిమంది ఇళ్ళకు బయటి మనిషిని పంపి రెండే ప్రశ్నలు అడిగించండి: ఏ రోజున మానేయాలనిపించింది? ఆ రోజు ఏం జరిగింది? "ఎందుకు మానేశారు" అని అడిగితే "ఇంట్లో పని" అంటారు. రోజును అడిగితే సంగతి వస్తుంది.

సర్వే చేశాక వారం లోపల అందులో ఒక్కటైనా చేసి చూపించాలి. అడిగి వదిలేస్తే రెండోసారి కుండల్లో గింజలు పడతాయి గానీ నిజం పడదు.

నాగావళి (రాయగడ) జవాబు:

రాయగడలో కాగితం, ఫెర్రో మిశ్రమాల లాంటి పెద్ద ప్లాంట్లలో యంత్రమే వేగం నిర్ణయిస్తుంది. అక్కడ వైఖరి టన్నుల్లో కనబడదు. షిఫ్టు మారేటప్పుడు రాసే పుస్తకంలో కనబడుతుంది. "బేరింగ్ చప్పుడు తేడాగా ఉంది" అని రాసి పోయేవాడు ఒకడు, సంతకం పెట్టి పోయేవాడు ఒకడు. ఆ ఒక్క వాక్యం రాయనందువల్ల మర్నాడు లైను ఆగుతుంది. చిన్న ప్రమాదాలు, తప్పిన ప్రమాదాలు చెప్పడం కూడా అంతే. జీడి యూనిట్లో దీనికి సమానం "ఈ ట్రే పెళుసుగా ఉంది" అని చెప్పడం. అది ఎన్నిసార్లు చెప్పారో లెక్క పెట్టండి. వారమంతా ఒక్కరూ చెప్పలేదంటే పప్పు బాగుందని కాదు, చెప్పినా లాభం లేదనుకుంటున్నారని.

లెక్కలాయన మాటకు వస్తాను. రేటు పెంచితే చేతులు ఆడతాయన్నది సగమే నిజం. షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీ పరిశోధనల గురించి చాలామంది లైట్ల వెలుతురు మార్చి పని ఎలా మారుతుందో చూసిన కథ మాత్రమే చెప్తారు. దానికన్నా మనకు పనికొచ్చేది 1931-32లో టెలిఫోన్ స్విచ్చులకు వైర్లు బిగించే 14 మందిని గమనించిన భాగం. గుంపు ఎంత ఎక్కువ చేస్తే అంత డబ్బు వచ్చే పద్ధతి ఉన్నా, వాళ్ళలో వాళ్ళు రోజుకింత అని ఒక హద్దు పెట్టుకున్నారు. మించి చేసినవాడిని మిగతావాళ్ళే ఆపేవారు. ఎక్కువ చేస్తే రేటు కోస్తారు, లేదా మనుషులను తగ్గిస్తారు అన్న భయం. మీ షెడ్లో మంచి చేయి ఉన్న నలుగురైదుగురి రోజు తూకాలు వారాల తరబడి దాదాపు ఒకే అంకె దగ్గర ఆగుతుంటే అది వాళ్ళ సత్తా కాదు, వాళ్ళు పెట్టుకున్న హద్దు. అక్కడ రేటు పెంచడం కన్నా, ఈ సీజను మొత్తం రేటు మార్చబోమని గోడ మీద రాసి, మాట నిలబెట్టుకోవడం ఎక్కువ పని చేస్తుంది.

నా సలహా: షెడ్డు మొత్తానికి గుండు శాతం మీద గుంపు బోనస్ పెట్టండి. పక్కవాళ్ళకు సాయపడతారు.

వంశధార (గుణుపురం):

నాగావళి గారూ, గుంపు బోనస్ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. లోడు కార్డు లేకుండా అది పెడితే బోర్మా చెడిన వారం 20 మందికి ఒకేసారి బోనస్ పోతుంది. అప్పుడు ఎవరు విరిచారని ఒకరినొకరు తప్పు పట్టుకుంటారు. అందులో కొత్తమ్మాయి మీద అందరి కళ్ళూ పడతాయి, ఆమె వారంలో మానేస్తుంది. ఇప్పటికే మహేంద్రతనయ గారి సమస్య అదే. ముందు లోడు కార్డు, తర్వాత వేడి సరిగ్గా ఉన్నట్టు రుజువు, ఆ తర్వాతే గుంపు బోనస్. కొత్తవాళ్ళను మొదటి నెల ఆ లెక్కలోంచి మినహాయించాలి.

నాగావళి (రాయగడ):

ఒప్పుకుంటాను, కార్డు ముందు ఉండాల్సిందే. కొత్తవాళ్ళను మినహాయించాలన్నదీ సరైన మాటే.

రుషికుల్య (బరంపురం) జవాబు:

మహేంద్రతనయ గారూ, మీరు ఇచ్చిన వివరాల్లో నాలుగు విషయాలు ఇంకెవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

సంత రోజు పొద్దున్న కూలి ఇవ్వడం. డబ్బు అందగానే సంతకు పోతారు, దూరం ఊళ్ళవాళ్ళు రాత్రికి ఇల్లు చేరేసరికి ఆలస్యం, మర్నాడు రారు. అది బద్ధకం కాదు, మీ పంపిణీ రోజు తెచ్చిన ఫలితం. సంతకు ముందురోజు సాయంత్రం, పని అయ్యేలోపు ఇవ్వండి. 2019 వేతనాల కోడ్‌లో కూడా వారపు కూలి వారం చివరి పనిదినానే, సెలవుకు ముందే ఇవ్వాలని ఉంది. కిలో రేటు మీద పనిచేసినా రోజు కూలి కనీస వేతనానికి తగ్గకూడదన్నది కూడా అందులోదే. కొత్తవాళ్ళ విషయంలో మీరు ముందు చూడాల్సింది ఇదే.

కొత్తమ్మాయి మొదటి వారాల్లో రోజుకు తీసే పప్పు పాతవాళ్ళలో సగం కూడా ఉండదు. కిలో రేటుతో ఆమె చేతికొచ్చే డబ్బు బస్సుకే చాలదు. నెల రోజులు పూర్తి రోజుకూలి ఇచ్చి, తర్వాత కిలో రేటుకు మార్చండి. నేర్పే పాతామెకు కూడా కొత్తమ్మాయి ఉన్నన్నాళ్ళు రోజుకు ఇంత అని ఇవ్వాలి. కిలో రేటు మీద ఉన్న మనిషి పక్కామెకు చేయి చూపించిన ప్రతి పది నిమిషాలూ తన కూలి పోగొట్టుకుంటోంది. "సహకార బుద్ధి లేదు" అని మేస్త్రి రాసుకునేది చాలాసార్లు ఈ లెక్కే. కటింగ్ మీద కొత్తవాళ్ళకైతే ఇంకో బాధ, పెంకు నూనె చేతులు కాల్చేస్తుంది. మొదటి రోజు నుంచే గ్లౌజులు, ఆముదం, బూడిద అందుబాటులో ఉండాలి. చర్మం ఊడిన చేతితో వారం గడిపిన అమ్మాయికి ఏ సర్వే అడగాల్సిన పనిలేదు.

మూడోది పిల్లల గది. 2025లో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టమే 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట 6 ఏళ్ళలోపు పిల్లలకు గది ఉండాలనేది. చట్టం సంగతి అటుంచి, పిల్లను చూసే అత్త ఊరెళ్ళిన రోజు ఆ తల్లి రాదు. హాజరు పుస్తకంలో ఒక్కరోజు గైర్హాజరులను, వరుసగా నాలుగైదు రోజుల గైర్హాజరులను వేరు రంగుల్లో గుర్తు పెట్టండి. వరుసవి ఎక్కువగా జబ్బో పండగో పెళ్ళో. అక్కడొకటి ఇక్కడొకటి వచ్చే ఒక్కరోజువే వైఖరికీ పిల్లలకీ బస్సుకీ సంబంధించినవి. రజ, దసరా, సంక్రాంతి, క్రిస్మస్ ముందే లెక్కలోంచి తీసేయండి. మూడు భాషలవాళ్ళ పండగలు కలిపి చూస్తే ఏడాదిలో ఏ వారాలు పలచబడతాయో ముందే తెలుస్తుంది, లోడు అందుకు తగ్గట్టు పెట్టుకోవచ్చు.

చివరిది కాటా. తూచే ముందు ఖాళీ ట్రే పెట్టి సున్నా చూపించాలి. అంకె ఆమెకు వినబడేలా చదవాలి. మీ పుస్తకంతో పాటు ఆమె చేతిలో ఉన్న చిన్న పుస్తకంలోనూ రాయాలి. తూకం వేసే మనిషీ మేస్త్రీ ఒకరే కాకుండా చూడండి. ఇది ఖర్చులేని మార్పు. కాటా మీద అనుమానం ఉన్న షెడ్లో ఇంకేం చేసినా మేనేజిమెంటు మాట ఎవరూ నమ్మరు కాబట్టి మొదట ఇదే చేయండి. తర్వాత కూలి రోజు మార్చండి, ఆపైన లోడు కార్డులూ వంశధార గారి పరీక్షా. ఇవన్నీ నిలదొక్కుకున్నాక కుండల సర్వే. బోనస్ సంగతి సర్వే ఫలితాలు చూశాక ఆలోచించవచ్చు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

కాటా దగ్గర మేస్త్రిని మారుస్తే ఆయన నొచ్చుకుంటారేమో. పాత మనిషి, బోర్మా పని ఆయనకన్నా తెలిసినవాళ్ళు మా దగ్గర లేరు. ఇంకో సందేహం, లోడు కార్డులో ఏమేం రాయాలి?

వంశధార (గుణుపురం):

అలాంటి మనిషి అయితే కాటా తీసేసి బోర్మా పూర్తిగా ఆయనకే అప్పగించండి. లోడు కార్డుల మీద సంతకం ఆయనదే ఉండాలి. ఆయన నేర్పు అక్కడే కావాలి, పేరూ అక్కడే నిలుస్తుంది. కూలి రాసే పని గ్రేడింగ్ వాళ్ళలో లెక్క వచ్చిన ఒకామెకు ఇచ్చి, ఆమెను ఆ షెడ్డువాళ్ళే ఎంచుకోమనండి.

కార్డు అట్టముక్క చాలు. పిక్క ఏ ఊరిది, ఏ తేదీన కొన్నది, ఎన్ని రోజులు ఎండబెట్టారు, ఆవిరి ఎన్ని నిమిషాలు, చల్లార్చింది ఎన్ని గంటలు, బోర్మాలో పెట్టిన గంట, తీసిన గంట, ట్రేలు మార్చారా లేదా, ఊరబెట్టిన సమయం, షెడ్డుకు పంపిన గంట. ప్రతి ట్రేకీ ఆ లోడు నెంబరు సుద్దతో రాయాలి. తొక్క తీసే ఆమెకు ట్రే నచ్చకపోతే కార్డు మీద ఒక అడ్డగీత గీసే హక్కు ఇవ్వండి, చదువు రాకపోయినా ఆ గీత చాలు. మూడు గీతలు పడిన లోడును ఆపి తేమ చూడండి. ప్యాకింగ్ దగ్గర 5 శాతం దాటకూడదు, అందులో సందేహం లేదు. అయితే ఆ హద్దు లోపల ఉందని వదిలేయకండి, మరీ తక్కువకు పడితే విరగడం మొదలవుతుంది. గీతలు పడిన లోడుకు బద్ద కోత వేయొద్దు, ఆ ఒక్క నియమం ముందే అందరికీ చెప్పండి.